పెరటికి కాటా ఎందుకు

గత సంక్రాంతికి మా బావమరిది విశాఖపట్నం నుంచి కుటుంబంతో వచ్చాడు. అతనిది లెక్కలు చూసే ఉద్యోగం. ఏ వస్తువును చూసినా దానికి ఎంత పడిందో తేలే వరకు అతనికి స్థిమితం ఉండదు. భోగినాడు ఉదయం నాతో పాటు పెరడంతా తిరిగి, మోటారుకయ్యే కరెంటు, వేపపిండి, పశువుల ఎరువు, పందిరి వెదుర్లు, ఏడాదికి నాలుగుసార్లు తవ్వే మనిషి కూలి అన్నీ అడిగి తెలుసుకుని, చివరకు నా సమయానికి కూడా ఒక ధర కట్టి, మధ్యాహ్నం భోజనాల దగ్గర తీర్పు చెప్పాడు. "బావా, ఈ గుత్తివంకాయ కూరలో వంకాయలు నీకు కిలో నూట ఎనభైకి పడ్డాయి. బజారులో ముప్ఫై." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అతని కూడికల్లో తప్పు లేదు. అయినా ఆ లెక్క తప్పేనని నాకు అనిపించింది. ఎక్కడ తప్పో ఆ పూట చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, మహేంద్రతనయ ఒడ్డునే ఉన్న పాతపట్నం అటు ఆంధ్ర వైపు ఉండిపోయింది. ఆ గీత మనుషుల మధ్య పడలేదు గానీ కొలతల మధ్య మాత్రం పడింది. మా పెరడు ఒక గుంట అని చెబితే తెలంగాణలోని చుట్టాలు దాన్ని ఎకరంలో నలభయ్యో వంతు అనుకుంటారు. ఒడిశాలో ఎకరానికి గుంటలు 25. అంటే మాది నాలుగు సెంట్లు, ఇక్కడి మాటలో నాలుగు డిసిమిళ్ళు, సుమారు 194 చదరపు గజాలు. అందులో బావి గట్టు, ఒక కొబ్బరి చెట్టు, రెండు అరటి పిలకలు, మునగ, తులసికోట పోగా మిగిలినదే నా సామ్రాజ్యం. ఇంత చిన్న నేలలో ఏం పండించాలన్నదే నా వాదానికి మొదలు.

ఉద్యోగ విరమణ చేసిన కొత్తలో నేనూ కాటా మనిషినే. ఇంట్లో ఎక్కువగా వాడేది టమాటా కాబట్టి టమాటాయే వేయాలని నిర్ణయించి, సంకరజాతి నారు తెచ్చి నలభై మొక్కలు నాటాను. పుష్యమాసంలో ఒక మొక్క మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంది. మూడో రోజున ఆకు పచ్చగా ఉండగానే తల వాల్చేసింది. నీరు చాలలేదనుకుని ఇంకా పోశాను. అది మరింత హాని చేసింది. వ్యవసాయం చదువుకున్న పాత విద్యార్థి ఒకడు వచ్చి, వాడిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులోని నీళ్ళలో నిలువుగా వేలాడదీశాడు. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలదారలాంటి సన్నని తెల్లని తీగ నీటిలోకి దిగింది. అది బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు. ఆ క్రిమి నేలలోనే ఏళ్ళ తరబడి బతుకుతుంది, తడిగా, వేడిగా, కాస్త పుల్లగా ఉండే మా ఎర్రనేలలంటే దానికి మహా ఇష్టం. మరుసటి ఏడాది పంట మారుస్తున్నాననుకుని అదే మడిలో వంగ నాటాను, పక్కన మిరప వేశాను. అవీ అదే వరుసలో పోయాయి.

తెగులు కన్నా నాకు ఎక్కువ బుద్ధి చెప్పింది బతికిన పన్నెండు మొక్కలే. అవి మాఘమాసంలో విరగకాశాయి. ఆ వారం సంతలో టమాటా పది రూపాయలకు రెండు కిలోలు ఇస్తామని అరుస్తున్నారు. నా పెరట్లోని మొక్కకు నచ్చిన వాతావరణమే జిల్లాలోని ప్రతి రైతు మొక్కకూ నచ్చుతుంది కదా. కాబట్టి పెరట్లో ఒకే కూరను ఎక్కువగా పండించేవాడికి, ఆ కూర బజారులో అతి చవకగా ఉన్న వారాల్లోనే చేతినిండా కాపు వస్తుంది. బజారులో దొరకని నెలల్లో అతని పెరడు కూడా ఖాళీగానే ఉంటుంది. కాటా పెట్టి తూచినంత కాలం పెరడు ఓడిపోవడానికి ఇదే కారణం. రైతు పదెకరాల్లో ఒకే పంట వేసి మనకన్నా చవకగా పండించగలడు, పండించాలి కూడా. కిలోల పందెంలో అతనితో దిగడం మనకు తగదు. రైతు చేయలేనిది, మనం మాత్రమే చేయగలిగింది ఒకటుంది: ఒక గుంటలో నలభై రకాలు ఉంచడం.

రకాలు అనగానే విత్తనాల దుకాణంలో రంగురంగుల పొట్లాలు గుర్తుకు వస్తాయి. నేనూ ఆ పొరపాటు చేశాను. టమాటా, వంగ, పచ్చిమిర్చి, బుట్టమిరప, బంగాళాదుంప వేసి ఐదు రకాలు వేశానని మురిసిపోయాను. పేర్లు వేరైనా వాటి గోత్రం ఒకటే. ఒకదాన్ని పట్టిన ఎండు తెగులు మిగిలిన నాలుగింటి తలుపూ తట్టగలదు. బీర, ఆనప, పొట్ల, కాకర, దొండ, గుమ్మడి, దోస ఇంకొక గోత్రం. పండు ఈగ లేత పిందె తొక్కకింద గుడ్డు పెట్టి పోతే, మనం రెండు రోజుల తరువాత వంకరతిరిగి పసుపుబారిన పిందెను చూసి ఎండ ఎక్కువైందనుకుంటాం. దానికి బీర, కాకర అనే తేడా లేదు. బెండ, గోంగూర, మందార, పత్తి ఒక ఇంటివే. కంద, చేమ దాయాదులు. పాలకూర తోటకూర ఇంటిది, బచ్చలి కాదు. మునగ ఎవరితోనూ చుట్టరికం లేని ఒంటరి. చిలగడదుంప తూటికూరకు చుట్టం. పెండలానికి వీటిలో దేనితోనూ పొత్తు లేదు. ఇప్పుడు నేను పెరట్లో మొక్కల పేర్లు లెక్కపెట్టను, గోత్రాలు లెక్కపెడతాను. వంగ చచ్చిన మడిలో మూడేళ్ళ పాటు వంగ గోత్రం వాళ్ళెవరూ అడుగుపెట్టకూడదన్నది మా ఇంటి శాసనం. నిజానికి ఇంత చిన్న పెరట్లో మూడేళ్ళు ఆగడం కష్టమే. అందుకే వంగకు మాత్రం భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఉత్కల్ తారిణిని ఆశ్రయించాను. ఎండు తెగులును తట్టుకోవడం ఆ రకానికి పేరు. ఊదారంగు కాయ, గుత్తివంకాయకు మరీ అంత అందంగా ఉండదు గానీ బతికి ఉంటుంది. బావమరిది నూట ఎనభై రూపాయలు కట్టింది దానికే.

ఇక్కడ ఒక మాట పక్కకు చెప్పుకోవాలి. వైవిధ్యం పేరుతో బ్రోకలీ, జుకినీ, ఎర్ర క్యాబేజీ తెచ్చి మేడమీద తొట్లలో పెట్టి ఫోటోలు తీసే సరదా ఈ మధ్య పెరిగింది. సరదాకు నేను అడ్డు చెప్పను. కానీ మూడు నెలల పోషణ తరువాత ఒక గుప్పెడు పువ్వు ఇచ్చి, ఇంట్లో ఎవరికీ వండడం చేతకాని మొక్కను నేను రకాల లెక్కలో వేయను. వంటింట్లో చోటు లేనిదానికి పెరట్లో చోటెందుకు?

బజారు బెదిరించినప్పుడు రకాల విలువ తెలుస్తుంది. 2023 జులైలో టమాటా కిలో నూరు దాటి చాలాచోట్ల ఇంకా పైకి పోయింది గుర్తుందా? అప్పుడు నా పెరట్లోనూ టమాటా లేదు. ఆ సంగతి దాచను. వానాకాలంలో మా నేలలో అది నిలవదు. అయితే మాకు కావలసింది టమాటా కాదు, పులుపు. పులుపుకు పెరట్లో గోంగూర ఉంది, చుక్కకూర ఉంది, గోడవతల నుంచి మా ఇంట్లోకి వంగిన చింతకొమ్మ ఉంది, వేసవిలో ఎండబెట్టిన మామిడి ఒరుగులు ఉన్నాయి. ఒడియా వాళ్ళు ఆ ఒరుగులనే ఆంబుల అంటారు, పప్పులోనూ చేపల పులుసులోనూ వేస్తారు. నిజం చెప్పాలంటే టమాటా వంటింట్లోకి నిన్నగాక మొన్న వచ్చింది. ఒడియాలో దాని పేరు బిలాతి బైగణ, అంటే సీమవంకాయ. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో ఇప్పటికీ టమాటాకు, బంగాళాదుంపకు ప్రవేశం లేదు. మన ఆబ్దికాల వంటలోనూ ఉండదు. ఆ బంగాళాదుంప సంగతే చూస్తే, ఒడిశాకు అది ఎక్కువగా పశ్చిమ బెంగాల్ నుంచి రావాలి. 2014లోనూ మళ్ళీ 2024లోనూ అక్కడి ప్రభుత్వం బయటికి పోనివ్వకుండా ఆంక్షలు పెట్టినప్పుడు సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయాయి, ఇక్కడ ఇళ్ళలో ఆలూ లేక గొడవ. మా ఇంట్లో ఆ రోజుల్లో చేమదుంపల వేపుడు తిన్నాం. రెండూ ఒకటేనని అనను, నా మనవడైతే అసలు ఒప్పుకోడు. కానీ అన్నం ఆగలేదు.

కూరల మధ్య తేడా గోత్రంతో అయిపోదు, కాలంలో కూడా ఉంది. ఇది నేను చిక్కుడు దగ్గర నేర్చుకున్నాను. తొందరగా కాయాలని ఒక ఏడాది ఉగాదికే చిక్కుడు గింజ పెట్టాను. తీగ పందిరెక్కి, ప్రహరీ ఎక్కి, పక్కింటి వారి డాబా ఎక్కింది తప్ప ఒక్క పువ్వు పూయలేదు. జ్యేష్ఠంలో పెట్టిన రెండో తీగ సగం ఎత్తులో ఉండగా, కార్తీకంలో రెండూ ఒకే వారంలో పూతకు వచ్చాయి. పాత తీగ చిక్కుడు పగటి పొడవును చూసి పూస్తుంది, పొద్దు కురచ కావాలి, రాత్రి పెరగాలి. మనం ముందు నాటితే ఆకు ఎక్కువ వస్తుంది గానీ కాయ ముందు రాదు. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం ఊరికే రాలేదు, మాఘంలో ఏ పెరట్లో చూసినా ఉండేది చిక్కుడే. గోంగూర కూడా పొద్దు చూసే పూస్తుంది, కాబట్టి ఆకు కోసమైతే పగలు పొడవుగా ఉండగానే విత్తుకోవాలి. తోటకూర నెల తిరగకముందే కోతకు వస్తుంది, ముల్లంగి నెలన్నర, కంద ఎనిమిది నెలలు. వైశాఖంలో నాటిన కంద పుష్యంలో కూర అవుతుంది. ఒకేరోజు విత్తినా ఒక్కొక్కటి ఒక్కొక్క నెలలో చేతికొచ్చే మొక్కలను పక్కపక్కన పెట్టడంలోనే పెరటి పనితనమంతా ఉంది. ఏడాదికి ఎన్ని కిలోలు అన్న ప్రశ్నకు ఇందులో ఏ మాత్రమూ జవాబు దొరకదు.

మా పక్కింటి మావుసి, అంటే పిన్ని, ఒడియా ఆవిడ. ఆవిడకు అక్షరాలు రావు గానీ తీగల శాస్త్రం నాకన్నా బాగా వచ్చు. మా రెండిళ్ళ మధ్య కూరల పేర్లతో వచ్చినన్ని తగాదాలు భాషతో రాలేదు. మా ఆవిడ విజయనగరం నుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పొట్లకాయలు తెమ్మని పంపితే, కుర్రవాడు వేలెడంత పొడవున్న చారల కాయలు అర కిలో తెచ్చాడు. ఒడియాలో పొటల అంటే అదే, మిగిలిన చోట్ల పర్వల్ అంటారు. మన పొట్లకాయకు వీళ్ళ పేరు ఛచింద్రా. అలాగే మన కంద వేరు, వీళ్ళ కందమూళ వేరు. వీళ్ళు కందమూళ అనేది చిలగడదుంపను. వ్యావహారిక భాష కోసం వాదించి, సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం కట్టిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. మూడు భాషల సంతలో కూర కొనడం ఆయనకు కూడా మంచి అభ్యాసమే అయివుంటుంది.

కొన్నేళ్ళకు మా ఆవిడకు ఆ పొటల మీద మనసు కలిగింది. మావుసి పెరటి తీగ నుంచి ముక్కలు కోసి కార్తీకంలో నాటాను. ఫాల్గుణానికి తెల్లని పువ్వులు వచ్చాయి, ప్రతి పువ్వు కింద చిన్న పిందె ఆకారం కూడా ఉంది, రెండు రోజులకు పసుపుబారి రాలిపోయేది. ఎరువు వేశాను, పురుగుమందు కొట్టాను, చివరకు నేల మార్చాలనుకున్నాను. మావుసి వచ్చి ఒక చూపు చూసి నవ్వింది. "ఇవన్నీ ఆడవే కదా బాబూ, మగది ఏదీ?" బీర, ఆనప, గుమ్మడి తీగల్లో ఒకే తీగకు మగ పువ్వు, ఆడ పువ్వు రెండూ పూస్తాయి. పొటలలోనూ ఆగాకరలోనూ తీగలే ఆడవి, మగవి వేరు. నేను ఒకే ఆడ తీగను ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది చోట్ల నాటుకున్నాను. తొమ్మిది పది ఆడ తీగలకు ఒక మగ తీగ చాలు గానీ ఆ ఒకటీ ఉండి తీరాలి. ఆవిడ ఇంట్లో ఉన్న మగ తీగను, కాయ కాయకపోయినా, ఒక మూల జాగ్రత్తగా పెంచుతోంది. మా బావమరిది పట్టికలో ఆ తీగ నష్టాల కింద పడుతుంది. మరి దొండ ఎలా కాస్తోందని అడిగితే దానికి మగవాడి అవసరం లేదంది. అదీ నిజమే, మన ఇళ్ళలోని దొండ పరాగం పడకపోయినా కాస్తుంది.

ఇప్పుడు నా వాదానికి గట్టి అభ్యంతరం చెప్పాలి. అది బావమరిదిది కాదు, మా ఆవిడది. "మూడు బీరకాయలు, ఐదు బెండకాయలు, ఒక వంకాయ, గుప్పెడు చిక్కుళ్ళు తెచ్చి ముందు పెడితే నేనేం వండాలి? నలుగురికి కూర కావాలంటే ఒకటే కూర అర కిలో ఉండాలి." రకాలను మెచ్చుకునేవారు ఈ మాటకు జవాబు చెప్పకుండా తప్పించుకుంటారు, ఎందుకంటే మెచ్చుకునేది ఒకరు, వండేది ఇంకొకరు. నలభై రకాల పెరడు ఏ రోజూ దేన్నీ సరిపడా ఇవ్వదు. నేను దీని గురించి చాలాకాలం తలపట్టుకున్నాను. జవాబు మా అమ్మ వంటలోనే ఉందని తరువాత తెలిసింది. దప్పళం ఎలా పుట్టి ఉంటుంది? ఆనప నాలుగు ముక్కలు, గుమ్మడి నాలుగు, ఒక మునక్కాయ, రెండు వంకాయలు, ఒక చిలగడదుంప చింతపండు పులుసులో వేసి బెల్లం ముక్క తగిలిస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఒక్కొక్కటిగా చూస్తే అవేవీ కూరకు చాలవు. కంద, బచ్చలి కలిపి ఆవ పెట్టడం కూడా అదే యుక్తి. మావుసి ఇంట్లో దాల్మా ఉంది. పప్పులో అరటికాయ, చేమ, గుమ్మడి, వంకాయ, ఏది ఉంటే అది. నూనె తగ్గించాలంటే, కూరలన్నీ కలిపి ఉడికించే సంతులా ఉంది. రెండు భాషల్లోనూ పాత వంటకాలు ఇలాగే ఉన్నాయంటే, వాటిని కనిపెట్టిన ఆడవాళ్ళ చేతికి కూడా పెరటి నుంచి గుప్పెడు గుప్పెడుగానే వచ్చేదన్నమాట. అర కిలో ఒకే కూర వండడం కాటాతో పాటు వచ్చిన అలవాటు. ఇది చెప్పాక మా ఆవిడ పూర్తిగా ఒప్పుకుందని అనుకోకండి. వారానికి రెండు దప్పళాలకు మించి కుదరదని షరతు పెట్టింది. అది న్యాయమే. అందుకే బెండ మాత్రం ఇరవై మొక్కలు, వేపుడుకు సరిపడా, ఒకేచోట వేస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నవరాత్రులు మొదలైన మర్నాడు. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. దాని ముందు నా పెరడు సంగతి చెప్పుకోవడానికే సంకోచంగా ఉంటుంది, అయినా నేను రాస్తున్నది పెరటి గురించే కనుక చెబుతాను. తెల్లారి తలుపు తీస్తే పందిరి లేదు. బీర, పొట్ల, ఆనప తీగలు మెలికపడి బావి గట్టు మీద ఉన్నాయి. పూతకు సిద్ధమవుతున్న చిక్కుడు మొదలంటా తెగిపోయింది. మునగ సగానికి విరిగింది. అరటి రెండూ పడ్డాయి. నాకు గర్వంగా ఉండే వంగ మడి బురద కింద ఉంది. కరెంటు లేదు, ఫోను లేదు, సంత లేదు. దారులు తెగి లారీలు రావడం మానేశాయి.

మూడో రోజున మా ఆవిడ గునపం తీసుకుని వెళ్ళి చేమ మడి తవ్వింది. దుంపలు ఇంకా పూర్తిగా ఊరలేదు, బొటనవేలంత ఉన్నాయి, కానీ ఉన్నాయి. కంద మొక్క కాండం గాలికి విరిగిపోయింది గానీ దుంప నేలలో చెక్కుచెదరలేదు. గాలి ఎంత గట్టిదైనా భూమిలోకి చెయ్యి పెట్టలేదు. పడిన అరటి నుంచి దవ్వ తీసి కూర చేశాం, పువ్వును రెండు రోజులు వండాం, పచ్చి గెలను రెండిళ్ళూ పంచుకున్నాం. విరిగిన మునగ నుంచి ఆకు వచ్చింది. బచ్చలి తీగ ముక్కలైనా ప్రతి ముక్కా వారంలో చిగురించింది. ఆరో రోజున ఖాళీ అయిన మడులన్నింటిలో తోటకూర, మెంతి చల్లాను. కరెంటు మా వీధికి పన్నెండో రోజున వచ్చింది, దీపావళి దాటాక తోటకూర కోతకు వచ్చింది. ఆ నాలుగు వారాల్లో మేము తిన్నదంతా తూచి ఉంటే పదిహేను కిలోలు కూడా ఉండకపోవచ్చు. ఆ పదిహేను కిలోలకు ఏ ధర కట్టాలో బావమరిదిని అడగాలని నాకు అప్పుడు తోచలేదు.

ఆ ఏడాది నవంబరు నుంచి వంటింటి గోడ మీద క్యాలెండరు పెట్టాను. పెరటి నుంచి ఒక్కటైనా, కరివేపాకు, పచ్చిమిర్చి మినహాయించి, వంటలోకి వచ్చిన రోజున తేదీ చుట్టూ సున్నా చుడతాను. టమాటాలు మాత్రమే వేసిన ఏడాది ఇలా చుట్టి ఉంటే నెలన్నరకు మించి పడేవి కావు. నిరుడు మూడు వందల పదకొండు పడ్డాయి. ఖాళీ తేదీలలో ఎక్కువ భాగం వైశాఖం చివరా, భాద్రపదంలో ముసురు పట్టిన రోజుల్లోనూ ఉన్నాయి. ఇప్పుడు నా పని ఆ ఖాళీలను చూసి మొక్క ఎంచుకోవడం. వైశాఖానికి పొటల సరిపోయింది, అది మాఘం చివర మొదలుపెట్టి వానాకాలమంతా కాస్తుంది. మగ తీగను కూడా నాటాను. భాద్రపదానికి ఆగాకర ప్రయత్నిస్తున్నాను. వారపు సంతకు కొండల మీది నుంచి ఆగాకర, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు తెచ్చే సవర అవ్వ రెండు దుంపలు ఇచ్చింది. మావుసి నుంచి నేర్చుకున్న పాఠం ఉంది కనుక ఏది ఆడది, ఏది మగది అని అడిగాను. పూసినప్పుడు చూసుకోమంది.

గింజల గురించి చెప్పకుండా రకాల మాట పూర్తి కాదు. దుకాణంలో కొన్న సంకరజాతి కాయ నుంచి గింజ తీసి పెడితే తల్లి లక్షణాలు చెదిరిపోతాయి, కాబట్టి ఏటా కొనవలసిందే. కొన్న గింజలోని రకాలు దుకాణదారు తెప్పించినన్నే ఉంటాయి, అవి ఏటేటా తగ్గుతున్నాయి. నేను సంకరజాతిని నిషేధించలేదు, శీతాకాలంలో నాలుగు టమాటా మొక్కలు ఇప్పటికీ కొన్న నారే. మిగిలినవాటికి మాత్రం మొదటి మంచి కాయను తినకుండా తీగమీదే ఎండనిస్తాను. బీర ఎండితే గింజ లోపల గలగలలాడుతుంది, ఆనప గుండ్రటి డొల్ల అవుతుంది. గుమ్మడి గింజలను మా అమ్మ పేడలో అద్ది గోడకు కొట్టేది, మా ఆవిడ బూడిద కలిపి సీసాలో పోస్తుంది. ఈ పద్ధతికి ఒక లోపముంది. బీర, ఆనప, గుమ్మడి పువ్వులు పరపరాగంతో కాస్తాయి, వీధి చివరి ఇంటి ఆనప పుప్పొడి సాయంత్రం పురుగుల కాళ్ళకు అంటి మన ఆనప మీద పడుతుంది. గింజ స్వచ్ఛంగా కావాలంటే రేపు విచ్చుకునే ఆడ మొగ్గను ముందే గుడ్డతో కట్టి, మన మగ పువ్వునే తెచ్చి చేత్తో అద్దాలి. ఆనప, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి తెల్లవారుజామున. మా మనవడికి పెరట్లో నచ్చిన పని ఇదొక్కటే.

చట్టం ఈ విషయంలో మన పక్షానే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు, కంపెనీ ముద్ర వేయకుండా అమ్ముకోవచ్చు కూడా. 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయను నిలిపివేసే ముందు జరిగిన బహిరంగ చర్చల్లో భువనేశ్వర్, హైదరాబాదు రెండూ ఉన్నాయి. వంగకు పుట్టిల్లు మన దేశమే, ఇన్ని రకాల వంగలున్న చోట ఒక రకం మిగిలినవాటిని కమ్మేస్తే ఎలా అన్నది ఆ చర్చలో ఒక ప్రశ్న. 2024 జనవరిలో నయాగఢ్ కంటెయిముండి వంకాయకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముళ్ళకాండం, ఆకుపచ్చని చిన్న గుండ్రని కాయ, లోపల నిండా గింజలు. సంతోషమే. కానీ గుర్తింపు పత్రం వంగను బతికించదు, ఎవరో ఒకరు ఏటా నారు పోయాలి. మా వీధిలో ఆ పని ప్రహరీ గోడల మీదుగా జరుగుతుంది. మావుసి ఇచ్చిన కొసళా శాగ, అంటే తోటకూర, గింజ పాతపట్నంలో మా చెల్లెలింటికి చేరింది, అక్కడి నుంచి తెల్ల బీర ఇటు వచ్చింది.

మొన్న శ్రావణంలో బావమరిది ఫోను చేశాడు. సంక్రాంతికి వెళ్ళేటప్పుడు మా ఆవిడ అతని భార్య చేతిలో గుప్పెడు చిక్కుడు గింజలు పెట్టిన సంగతి నాకు తెలియదు. డాబా మీద పెద్ద తొట్టెలో వేశారట. తీగ నీళ్ళ ట్యాంకు ఎక్కింది, ఐదు నెలలైనా ఒక్క పువ్వు లేదు, ఇప్పటికి తొట్టె, మట్టి, ఎరువు కలిపి పద్నాలుగు వందల ముప్ఫై అయింది, పీకేసి ఇంకేదైనా పెట్టమంటావా అని అడిగాడు. దీపావళి దాటే వరకు ఆగమన్నాను.